కీటకనాశక శిలీంధ్రాల శీతాకాల మనుగడ

కీటకనాశక శిలీంధ్రాలు అనగా కీటకాల శరీరంలోకి ప్రవేశించి, వాటిని చంపి, ఆ కళేబరాల నుండి తమ సిద్ధబీజాలను వెదజల్లే శిలీంధ్రాలు. చలి ఎక్కువగా ఉండే దేశాలలో వీటికి ఏటా ఒక గడ్డుకాలం ఎదురవుతుంది. శరదృతువు ముగిసేసరికి ఆతిథేయి కీటకాలు చనిపోతాయి, లేదా గుడ్లుగానో ప్యూపాలుగానో దాగిపోతాయి. తిరిగి అవి కనబడడానికి ఆరు నుండి పది నెలలు పడుతుంది. కొన్ని కీటకాల విషయంలో ఈ వ్యవధి పదిహేడేళ్ళు. ఈ కాలాన్ని శిలీంధ్రాలు ఎక్కువగా నేలలో గడుపుతాయి. చలికి చావకుండా ఉండడం ఇందులో ఒక భాగం మాత్రమే. ఆహారం లేని వేళ మొలకెత్తకుండా ఆగడం, కీటకం తిరిగి వచ్చే వేళకు మేలుకోవడం అంతకంటే కష్టమైన పని. వేర్వేరు శిలీంధ్రాలు దీనిని వేర్వేరు పద్ధతులలో సాధించాయి. ఒక అడవిని గొంగళి పురుగుల దాడి నుండి కాపాడే వ్యాధి మరుసటి ఏడు తిరిగి వస్తుందా రాదా అన్నది దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

శిలీంధ్రాలు కీటకాలకు వ్యాధి కలిగిస్తాయని మొదట నిరూపించినది ఇటలీకి చెందిన అగొస్టీనో బాస్సీ. పట్టుపురుగులు తెల్లగా, సుద్దముక్కల వలె గట్టిపడి చనిపోయే వ్యాధికి ఒక సూక్ష్మజీవి కారణమని ఆయన 1835లో ప్రకటించాడు. ఒక జంతువు వ్యాధికి సూక్ష్మజీవి కారణమని ప్రయోగపూర్వకంగా చూపిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఆ శిలీంధ్రానికి ఆయన పేరు మీదనే బవేరియా బాసియానా అనే పేరు స్థిరపడింది. 1879లో ఇల్యా మెచ్నికోవ్ ఒడెస్సా ప్రాంతంలో గోధుమ పంటను నాశనం చేసే పెంకు పురుగులపై ఆకుపచ్చని బూజును గుర్తించి, పురుగుల నివారణకు దానిని వాడవచ్చునని సూచించాడు. అదే నేటి మెటారైజియం అనైసోప్లియే.

బాక్టీరియాలు, వైరస్‌లు సాధారణంగా ఆహారంతోపాటు కీటకం కడుపులోకి పోతాయి. శిలీంధ్రాలకు ఆ అవసరం లేదు. సిద్ధబీజం కీటకం చర్మంపై అంటుకొని మొలకెత్తి, ఎంజైముల సహాయంతోనూ ఒత్తిడితోనూ పై పొరను చీల్చుకొని లోపలికి చొరబడుతుంది. అయితే మొలకెత్తిన సిద్ధబీజానికి కీటకం దొరకకపోతే అది నశిస్తుంది. తొందరపడి మొలకెత్తడం కూడా చావే కాబట్టి, నేలలో చలికాలం గడపడమన్న సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

ఈ శిలీంధ్రాలలో ముఖ్యమైన సమూహాలు రెండు. ఎంటమోఫ్తోరేలీస్ వర్గానికి చెందినవి ఒకటి రెండు జాతుల కీటకాలకో, దగ్గరి బంధువులైన కొన్ని జాతులకో పరిమితమై ఉంటాయి. హైపోక్రియేలీస్ వర్గంలోని బవేరియా, మెటారైజియం వంటివాటిలో చాలావరకు అనేక రకాల కీటకాలను చంపగలవు, కొంతకాలం కీటకం లేకుండానూ బ్రతకగలవు. మొదటి వర్గం ఆతిథేయి కోసం ఎదురుచూడక తప్పదు. రెండవదానికి అంత పట్టింపు లేదు. శీతాకాలాన్ని ఎదుర్కొనే తీరులోని తేడాకు ప్రధాన కారణం ఇదే.

విశ్రాంతి సిద్ధబీజాలు

ఎంటమోఫ్తోరేలీస్ శిలీంధ్రాలు రెండు రకాల సిద్ధబీజాలను తయారుచేస్తాయి. మొదటివి కొనిడియాలు. ఇవి చచ్చిన కీటకం శరీరం పై నుండి బలంగా చిమ్మబడి, గాలిలో కొట్టుకుపోయి, తగిలిన చోట అతుక్కుంటాయి. వీటి గోడ పలుచన. తేమ తగ్గినా ఎండ తగిలినా గంటలలోనో కొద్ది రోజులలోనో చనిపోతాయి. వ్యాధిని వేసవిలో ఒక పురుగు నుండి మరొక పురుగుకు వ్యాపింపజేయడానికి మాత్రమే ఇవి పనికివస్తాయి.

రెండవవి విశ్రాంతి సిద్ధబీజాలు. ఇవి కీటకం శరీరం లోపలే తయారవుతాయి. గుండ్రంగా ఉండి, మందమైన రెండు పొరల గోడను, లోపల పెద్ద కొవ్వు బిందువును కలిగి ఉంటాయి. ఆ కొవ్వే వీటి దాణా. కొన్ని జాతులలో రెండు కణాల కలయిక వల్ల, మరికొన్నింటిలో కలయిక లేకుండానే ఇవి ఏర్పడతాయి. ఇవి చిమ్మబడవు. కళేబరం కుళ్ళి రాలిపోయినప్పుడు దానితోపాటే నేలలో కలుస్తాయి.

వీటి సుప్తావస్థ లోపలి నుండి నియంత్రింపబడుతుంది. అప్పుడే తయారైన సిద్ధబీజానికి వెచ్చదనం, తడి, ఆహారం అన్నీ సమకూర్చినా మొలకెత్తదు. కొంతకాలం తడిగా ఉన్న చలిలో గడిపిన తరువాతనే మొలకెత్తే శక్తి వస్తుంది. వేసవి మధ్యలో ఒక వాన కురిసి చల్లబడినంత మాత్రాన అది మోసపోదు. ఈ లక్షణాన్ని కొన్ని మొక్కల విత్తనాలతో పోల్చవచ్చు. ఆపిల్ విత్తనం కూడా చలి తగలనిదే మొలకెత్తదు.

ఎంటమోఫాగా మైమైగా

శీతాకాల మనుగడపై అన్నిటికంటే విస్తృతంగా పరిశోధన జరిగిన జాతులలో ఎంటమోఫాగా మైమైగా ఒకటి. మైమైగా అనేది లైమాంట్రియా డిస్పార్ అనే రెక్కలపురుగుకు జపాను భాషలో పేరు. ఆంగ్లంలో ఈ పురుగును చాలాకాలం జిప్సీ మాత్ అనేవారు. ఆ పేరు రోమా ప్రజలను కించపరిచేదిగా ఉందని అమెరికా కీటకశాస్త్ర సంఘం 2022లో స్పాంజీ మాత్ అనే పేరును స్వీకరించింది. దీని గుడ్ల ముద్ద స్పాంజి వలె ఉంటుంది.

ఐరోపాకు చెందిన ఈ పురుగును ఎత్యేన్ లియొపోల్డ్ ట్రూవెలో అనే ఔత్సాహికుడు 1860ల చివరలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్ కు తెచ్చి పెంచాడు. అక్కడ నుండి తప్పించుకొన్న పురుగులు ఈశాన్య అమెరికాలోని ఓక్ అడవులన్నిటికీ పాకాయి. ఉధృతి ఎక్కువైన ఏడు గొంగళి పురుగులు జూన్ నెలాఖరుకే చెట్లను మోడు చేస్తాయి. వరుసగా రెండు మూడేళ్ళు ఇలా జరిగితే చెట్లు చనిపోతాయి.

వ్యాధి సోకిన గొంగళి పురుగులను జపాను నుండి తెప్పించి 1910, 1911 సంవత్సరాలలో బోస్టన్ పరిసరాలలో విడిచిపెట్టారు. శిలీంధ్రం నిలదొక్కుకొన్న ఆనవాలు కనబడలేదు. 1980ల మధ్యలో న్యూయార్క్, వర్జీనియాలలో చేసిన విడుదలలు కూడా ఫలించినట్లు కనబడలేదు. అయితే 1989లో, వాన బాగా కురిసిన వసంతంలో, కనెక్టికట్ తో సహా పలు ఈశాన్య రాష్ట్రాలలో గొంగళి పురుగులు కుప్పలుగా చనిపోయాయి. కారణం ఇదే శిలీంధ్రమని తేలింది. అది 1910-11 నాటి విడుదలల సంతతియా, తరువాత ఎప్పుడో అనుకోకుండా వచ్చి చేరినదా అన్న విషయంపై శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. జన్యు పోలికలు మాత్రం జపాను మూలాన్నే సూచిస్తున్నాయి.

ఈ శిలీంధ్రం వార్షిక చక్రం పురుగు చక్రానికి అతికినట్లు సరిపోతుంది. పురుగు సంవత్సరానికి ఒకే తరం. గుడ్లు ఏప్రిల్ చివర, మే నెలలో పొదుగుతాయి, జూలై నాటికి గొంగళి దశ ముగిసిపోతుంది. మిగిలిన కాలమంతా శిలీంధ్రానికి తినడానికి ఏమీ ఉండదు. చిన్న వయసులో వ్యాధి సోకి చచ్చిన పురుగుల నుండి ఎక్కువగా కొనిడియాలే వెలువడతాయి. సీజను చివర, పెద్దవైన పురుగులలో శిలీంధ్రం విశ్రాంతి సిద్ధబీజాల తయారీకి మళ్ళుతుంది. ఒక్కొక్క పెద్ద పురుగు కళేబరంలో ఇవి లక్షల సంఖ్యలో ఉంటాయి. వేసవి ముగియకముందే శీతాకాలానికి ఏర్పాట్లు జరిగిపోతాయన్నమాట.

ఇటువంటి కళేబరాలు చెట్టు మొదలుపై తల క్రిందికి ఉండి, నిటారుగా వ్రేలాడుతూ ఎండిపోతాయి. ఇదే పురుగుకు వైరస్ వ్యాధి వచ్చినప్పుడు శరీరం మధ్యలో అతుక్కొని రెండు కొసలూ క్రిందికి వంగి ఉంటుంది. అడవిలో తిరిగేవారు ఈ తేడాను బట్టి ఏ వ్యాధి వచ్చిందో స్థూలంగా గుర్తించగలరు.

ఎండిన కళేబరాలు కొన్ని వారాల తరువాత గాలికి, వానకు రాలి చెట్టు మొదటి చుట్టూ పడతాయి. అందుచేత విశ్రాంతి సిద్ధబీజాలు అడవి అంతటా సమానంగా ఉండవు. చెట్టు మొదలుకు దగ్గరగా, ఆకుచెత్త క్రింది పై పొర మట్టిలో దట్టంగా ఉండి, దూరం పోయేకొద్దీ పలుచబడతాయి. ఈ చోటు శిలీంధ్రానికి రెండు విధాల అనుకూలమైనది. ఆకుచెత్త, దానిపై మంచు కప్పి ఉండడం వల్ల క్రింది మట్టి బయటి గాలి అంతగా చల్లబడదు, త్వరగా ఎండిపోదు. పైగా చెట్టు నుండి పడిపోయిన పిల్ల పురుగులు తిరిగి ఎక్కడానికి ఆ మొదటి వద్దకే రావాలి. పెద్ద పురుగులు పగటిపూట దాగడానికి దిగివచ్చేదీ అక్కడికే.

వసంతంలో గుడ్లు పొదగడానికి ఒకటి రెండు వారాల ముందు నుండి జూన్ వరకు సిద్ధబీజాలు మొలకెత్తుతూ ఉంటాయి. ఒక్కొక్క విశ్రాంతి సిద్ధబీజం మట్టి ఉపరితలం వైపు ఒక చిన్న నాళాన్ని పంపి, దాని చివర ఒక కొనిడియాను తయారుచేసి చిమ్ముతుంది. ఆ దారిన పోయే గొంగళి పురుగుకు అది తగిలితే ఆ ఏటి వ్యాధి మొదలైనట్లే.

అన్ని సిద్ధబీజాలూ ఒకే వసంతంలో మొలకెత్తవన్నది ఇందులో ముఖ్యమైన విషయం. కొన్ని ఆ ఏడు, కొన్ని మరుసటి ఏడు, మరికొన్ని అనేక సంవత్సరాల తరువాత మొలకెత్తుతాయి. పదేళ్ళ వరకు కూడా మట్టిలో సజీవంగా ఉన్నట్లు పరిశోధనలలో తేలింది. పురుగులు అరుదుగా ఉండే సంవత్సరాలలోను, వసంతం పొడిగా గడిచిన సంవత్సరాలలోను ఈ నిల్వే శిలీంధ్రాన్ని కాపాడుతుంది. రైతు విత్తనాలన్నీ ఒకే వానకు చల్లకుండా కొంత గాదెలో దాచుకోవడం వంటిదే ఇది.

అయితే నిల్వ ఉన్నంత మాత్రాన వ్యాధి వచ్చి తీరుతుందని చెప్పలేము. మొలకెత్తడానికీ కొనిడియాలు బ్రతకడానికీ మే, జూన్ నెలలలో తడి కావాలి. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో 2015, 2016 సంవత్సరాల వసంతాలు పొడిగా గడవడంతో మట్టిలో శిలీంధ్రం ఉండి కూడా పురుగులు విపరీతంగా పెరిగాయి. 2017లో మే, జూన్ వానలకు శిలీంధ్రం తిరిగి విజృంభించి గొంగళి పురుగులు పెద్దయెత్తున చనిపోయాయి. కాని అప్పటికే మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలాండ్ లలో విస్తారమైన అడవి ఆకులు కోల్పోయింది, వరుస దెబ్బలకు తట్టుకోలేక ఆపై ఎన్నో ఓక్ చెట్లు చనిపోయాయి.

ఈ సుప్తావస్థ వల్లనే ఈ శిలీంధ్రాన్ని డబ్బాలలో నింపి అమ్మే మందుగా మార్చడం సాధ్యపడలేదు. కొనిడియాలు నిల్వ ఉండవు. విశ్రాంతి సిద్ధబీజాలు నిల్వ ఉంటాయి గాని, కోరినప్పుడు మొలకెత్తవు. అందుకే 1991, 1992 సంవత్సరాలలో శాస్త్రవేత్తలు సులభమైన ఉపాయాన్ని అనుసరించారు. వ్యాధి వచ్చిన అడవిలో చెట్ల మొదళ్ళ వద్ద మట్టిని త్రవ్వి, సిద్ధబీజాలతో సహా తీసుకుపోయి, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్, వర్జీనియా, పశ్చిమ వర్జీనియా అడవులలో చెట్ల మొదళ్ళ చుట్టూ చల్లారు. శిలీంధ్రం అక్కడ నిలదొక్కుకొంది. 1999లో దీనిని బల్గేరియాలో ప్రవేశపెట్టగా తరువాతి కాలంలో పొరుగు దేశాలకు కూడా వ్యాపించింది.

పదిహేడేళ్ళ నిరీక్షణ

నిరీక్షణలో మాసోస్పోరా సికాడినా అనే శిలీంధ్రాన్ని మించినది బహుశా లేదు. ఇది తూర్పు అమెరికాలోని నియతకాలిక సికాడాలపై జీవిస్తుంది. ఈ సికాడాల పిల్లలు 13 లేదా 17 సంవత్సరాలు భూమిలో వేళ్ళ రసం పీలుస్తూ పెరిగి, ఒకే వసంతంలో కోట్ల సంఖ్యలో పైకి వచ్చి, కొద్ది వారాలలో గుడ్లు పెట్టి చనిపోతాయి. ఉదాహరణకు పదవ సమూహం 2004లో, తిరిగి 2021లో వెలువడింది. తరువాత రావలసినది 2038లో.

పైకి వచ్చే సమయంలో మట్టిలోని విశ్రాంతి సిద్ధబీజాల ద్వారా మొదటి విడత సికాడాలకు వ్యాధి సోకుతుంది. వీటి పొట్ట చివరి భాగం ఊడిపోయి, తెల్లని సుద్ద వంటి కొనిడియాల ముద్ద బయటపడుతుంది. విచిత్రమేమంటే అవి చనిపోకుండా ఎగురుతూ, జతకట్టడానికి ప్రయత్నిస్తూ, ఇతర సికాడాలకు వ్యాధిని అంటిస్తాయి. వీటి శరీరంలో కాథినోన్ అనే ఉత్తేజకం ఉన్నట్లు 2019లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. రెండవ విడతలో వ్యాధి సోకిన సికాడాలలో కొనిడియాలకు బదులు గోధుమరంగు విశ్రాంతి సిద్ధబీజాలు తయారవుతాయి. ఆ సికాడాలు ఎగురుతూనే వాటిని నేలపై రాల్చుకుంటూ పోతాయి. తరువాతి తరం పైకి వచ్చేవరకు వాటికి మట్టే ఆశ్రయం. ఇక్కడ శీతాకాలం ఒకటి కాదు, పదిహేడు.

విశ్రాంతి సిద్ధబీజాలు లేని శిలీంధ్రాలు

బవేరియా, మెటారైజియం జాతులు నేలలో కొనిడియాల రూపంలోను, చచ్చిన కీటకాల లోపల గట్టిపడిన తంతువుల రూపంలోను శీతాకాలం గడుపుతాయి. వీటి కొనిడియాలకు మందమైన గోడ గాని, లోపలి నుండి నియంత్రించే దీర్ఘ సుప్తావస్థ గాని లేవు. వీటిని ఆపి ఉంచేది నేలయే. మట్టిలో పోషకాల కొరత వల్లను, ఇతర సూక్ష్మజీవుల స్రావాల వల్లను సిద్ధబీజాలు మొలకెత్తకుండా నిరోధింపబడతాయి. దీనిని ఫంగిస్టాసిస్ అంటారు. కీటకం చర్మం తగిలినప్పుడు ఈ నిరోధం తొలగుతుంది.

వీటికి చలి శత్రువు కాదు, ఒక విధంగా మిత్రుడే. బవేరియా బాసియానాపై 1981లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, నేల నీటితో 75 శాతం సంతృప్తమై ఉన్నప్పుడు సగం కొనిడియాలు 14 రోజులలోనే నశించాయి. 10 డిగ్రీల వద్ద, 25 శాతం సంతృప్తత ఉన్న నేలలో సగం నశించడానికి 276 రోజులు పట్టింది. వెచ్చని తడి నేలలో సిద్ధబీజం తన నిల్వ ఆహారాన్ని త్వరగా ఖర్చుచేసుకొంటుంది, దానిని తినే ఇతర జీవులూ అప్పుడే చురుకుగా ఉంటాయి. చల్లని నేలలో ఈ రెండు నష్టాలూ తగ్గుతాయి.

మెటారైజియం జాతులు కొన్ని మొక్కల వేళ్ళను ఆశ్రయించి, వేళ్ళ స్రావాలతో జీవించగలవని తరువాత తెలిసింది. తాము చంపిన కీటకం నుండి నత్రజనిని మొక్కకు చేరవేసి, ప్రతిగా చక్కెరలను పొందుతాయని కూడా ప్రయోగాలు చూపాయి. ద్రవ మాధ్యమంలో పెంచినప్పుడు ఇవి మైక్రోస్క్లెరోషియా అనే గట్టి నల్లని గుళికలను ఏర్పరుస్తాయి. ఎండబెట్టి నిల్వ చేయడానికి వీలైనవి కావడంతో వీటిని నేలలో వేసే మందుగా వాడే ప్రయత్నాలు జరిగాయి.

ఐరోపాలో పచ్చికబయళ్ళను, తోటలను పాడుచేసే కాక్‌చాఫర్ వేరు పురుగులపై బవేరియా బ్రాంగ్నియార్టీని వాడతారు. ఈ శిలీంధ్రాన్ని పెంచిన బార్లీ గింజలను స్విట్జర్లాండ్ లో యంత్రాలతో నేలలో వేస్తారు. ఆ విధంగా వేసిన రకం పదేళ్ళు దాటిన తరువాత కూడా అదే నేలలో దొరికింది. ఆతిథేయి పురుగు మూడు నాలుగేళ్ళు నేలలోనే ఉండి, చలికాలంలో మరింత లోతుకు దిగుతుంది కాబట్టి ఇక్కడ శిలీంధ్రానికి ఆహారం పూర్తిగా కరువు కాదు.

కీటకంలోనే శీతాకాలం

మరికొన్ని శిలీంధ్రాలు కీటకం శరీరాన్నే ఇల్లుగా చేసుకొంటాయి. పేనుబంకను చంపే పాండోరా నియోఆఫిడిస్ లో విశ్రాంతి సిద్ధబీజాలు చాలాకాలం కనబడలేదు. తరువాత కొన్ని నివేదికలు వచ్చినా ఐరోపా పొలాలలో వాటి పాత్ర పెద్దగా కనబడదు. శీతాకాలం మరీ కఠినంగా లేని చోట్ల అది బ్రతికి ఉన్న పేనుబంకలో నెమ్మదిగా పెరుగుతూ ఉంటుంది. కొన్ని కొనిడియాలు చల్లని మట్టిలో నెలల తరబడి సజీవంగా ఉన్నట్లు డెన్మార్క్ లో గమనించారు.

హిమాలయాలలోను టిబెట్ పీఠభూమిలోను లభించే ఓఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్ కథ ఇంకా ప్రసిద్ధమైనది. సుమారు 3,000 నుండి 5,000 మీటర్ల ఎత్తులో, మట్టిలో వేళ్ళు తిని బ్రతికే గొంగళి పురుగులను ఇది చంపుతుంది. శీతాకాలానికి ముందు పురుగు చనిపోయి, దాని శరీరమంతా శిలీంధ్ర తంతువులతో గట్టిపడుతుంది. నేల గడ్డకట్టిన నెలలలో ఆ చర్మమే శిలీంధ్రానికి కవచం. మంచు కరిగిన తరువాత పురుగు తల నుండి గోధుమరంగు కాడ ఒకటి గడ్డిపరక వలె నేలపైకి వస్తుంది. టిబెటన్లు దీనిని వేసవి గడ్డి, శీతాకాలపు పురుగు అనే అర్థంలో యార్సా గుంబు అంటారు. ఉత్తరాఖండ్ లో కీడా జడీ అంటారు, పిథోరాగఢ్, చమోలీ జిల్లాల పై గ్రామాలలో ఎన్నో కుటుంబాలకు ఇదే ప్రధాన ఆదాయం. ఔషధంగా దీనికి విపరీతమైన ధర ఉంది. కాడ సిద్ధబీజాలను వెదజల్లకముందే ఏరితే ధర ఎక్కువ పలుకుతుంది, కాని అలా ఏరిన ప్రతి కాడా తరువాతి తరాన్ని తగ్గిస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2020లో దీనిని ముప్పుకు లోనయ్యే (వల్నరబుల్) జాతుల జాబితాలో చేర్చింది.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నేల గడ్డకట్టదు. ఇక్కడ ఈ శిలీంధ్రాలకు గడ్డుకాలం శీతాకాలం కాదు, వేసవి. బవేరియా రకాలలో చాలావరకు 25 నుండి 28 డిగ్రీల వద్ద బాగా పెరిగి, 35 డిగ్రీలు దాటితే పెరగడం మానివేస్తాయి. మే నెలలో నీడ లేని పొలాల పై మట్టి ఇంతకంటే చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. కాబట్టి సిద్ధబీజాలు నిలిచేది చెట్ల నీడన, పశువుల ఎరువు కలిసిన తేమ నేలలో, కొంత లోతున. వానలు పడి చల్లబడిన తరువాత వేరుశనగ, సోయాచిక్కుడు పొలాలలో లద్దె పురుగులు లేత ఆకుపచ్చ బూజు పట్టి ఆకులపైనే గట్టిపడి కనిపిస్తాయి. ఇది మెటారైజియం రైలీ పని. నేలలో మిగిలిన సిద్ధబీజాలు వాన చినుకులతోపాటు చిమ్మబడి క్రింది ఆకులకు చేరడం ఈ వ్యాధి తిరిగి మొదలయ్యే మార్గాలలో ఒకటి.

కొబ్బరి తోటలలో కొమ్ము పురుగు పిల్లలు ఎరువు గుంటలలో పెరుగుతాయి. మెటారైజియంను ఆ గుంటలలో కలపాలని సిఫారసు చేయడానికి కారణం పురుగు అక్కడ ఉండడం మాత్రమే కాదు. నీడ, తేమ ఉన్న ఆ ఎరువులో శిలీంధ్రం కూడా ఎండాకాలం దాటగలుగుతుంది.

రాయలసీమలో పట్టుపురుగులు పెంచే రైతులకు మాత్రం ఇదే మనుగడ శక్తి బెడద. బాస్సీ కనుగొన్న తెల్ల మస్కార్డిన్ వ్యాధిని ఇక్కడ సున్నపుకట్టు రోగం అంటారు. ఇది వానాకాలం, చలికాలాలలో చల్లదనం, తేమ ఎక్కువైనప్పుడు వస్తుంది. గట్టిపడిన తెల్లని పురుగులను ఏరి పారవేసినంత మాత్రాన వ్యాధి పోదు. వాటి నుండి రాలిన సిద్ధబీజాలు తట్టలలో, నేల పగుళ్ళలో, షెడ్డు చుట్టూ ఉన్న మట్టిలో మిగిలి తరువాతి పంటకు అంటుకొంటాయి. అందుచేత తెల్లబడకముందే చచ్చిన పురుగులను ఏరి కాల్చివేయడం, పంటకు పంటకు మధ్య షెడ్డును, పరికరాలను క్రిమిరహితం చేయడం, పడకలపై సున్నం చల్లి తేమను తగ్గించడం తప్పనిసరి. పట్టు పెంచే గ్రామాలలో మల్బరీ తోటలపై బవేరియా మందును చల్లకూడదని చెప్పడం కూడా ఇందుకే.